మక్కీకి మక్కీ కాకుండా రాయడం ఎలా: కొత్త ఫ్రీలాన్స్ కంటెంట్ రైటర్లకు సమగ్ర మార్గదర్శి

ఫ్రీలాన్స్‌గా రాయడం మొదలుపెట్టిన మూడో నెలలో నాకొక మెయిల్ వచ్చింది. రెండు లింకులు, కింద ఒకే వాక్యం: "ఈ రెండూ చదివి ఫోన్ చేయండి." మొదటి లింకు షుగర్ ఉన్నవాళ్ళు కొర్రలు ఎలా వండుకోవాలో నేను రాసిన వ్యాసం. రెండోది ఒక ఇంగ్లిష్ వ్యాసం. పక్కపక్కన పెట్టి చదివితే పేరా వెంట పేరా, ఉపశీర్షిక వెంట ఉపశీర్షిక అదే నడక.

నేను ఒక్క వాక్యం కూడా కాపీ పేస్ట్ చేయలేదు. ప్రతి తెలుగు వాక్యమూ కూర్చుని అల్లుకున్నదే. అందుకే అది నాదేనని నిజంగా నమ్మాను. ఫోన్‌లో ఎడిటర్ కోప్పడలేదు. "అమ్మా, ఇందులో మీరు స్వయంగా తెలుసుకున్నది ఏది?" అని మాత్రం అడిగారు. చెప్పడానికి ఒక్కటీ దొరకలేదు. ఆ వ్యాసానికి డబ్బు రాలేదు. అంతకుముందు ఇచ్చిన ఎనిమిది వ్యాసాలనూ మళ్ళీ తనిఖీ చేశారు.

ఆ తర్వాత చాలా రోజులు ఆలోచిస్తే అర్థమైంది: తప్పు వాక్యాలు రాస్తున్నప్పుడు జరగలేదు. రెండు గంటల ముందు, ఆ ఇంగ్లిష్ పేజీని ఒకవైపు, నా ఖాళీ ఫైలును మరోవైపు తెరిచి పెట్టుకున్నప్పుడే జరిగిపోయింది. అక్కడి నుంచి నేనేం రాసినా అది దాని నీడే. కాబట్టి కింద చెప్పబోయే వాటిలో ఎక్కువ భాగం రాయడానికి ముందు చేసే పనుల గురించే ఉంటుంది.

ముందుగా: ఏది కాపీ, ఏది కాదు

మక్కీకి మక్కీ ఎత్తేయడం తప్పని అందరికీ తెలుసు. కొత్తవాళ్ళు పట్టుబడేది మిగతా రకాల్లో.

మొదటిది అనువాదం. తెలుగులో రాసేవాళ్ళకు ఇదే పెద్ద గొయ్యి. మనకు దొరికే సమాచారం చాలావరకు ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి చదివింది చదివినట్టే తెలుగులోకి దించేస్తాం. భాష మారింది కాబట్టి కొత్తదైందనుకుంటాం. మన కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 14 చూడండి: ఒక రచనను అనువదించే హక్కు కూడా ఆ రచన హక్కుదారుదే. అనుమతి లేకుండా వ్యాసం మొత్తాన్ని తెలుగు చేయడం, మూలం పేరు చెప్పినా సరే, చట్టం దగ్గర ఇబ్బందే. పేరు కూడా చెప్పకపోతే రెండు తప్పులు.

రెండోది బొంత. నాలుగు సైట్లు తెరిచి ఒక్కోదాంట్లో ఒక్కో పేరా తీసుకుని, అక్కడక్కడా మాటలు మార్చి కుట్టేయడం. ఏ ఒక్క సైటుతో పోల్చినా పూర్తిగా కలవదు కాబట్టి ధైర్యంగా ఉంటుంది. కానీ ఏ ముక్క ఎక్కడిదో తెలిసినవాళ్ళు చదివితే కుట్లన్నీ కనిపిస్తాయి.

మూడోది అస్థిపంజరం తీసుకోవడం. వాక్యాలు మీవే, కానీ ఏ విషయం తర్వాత ఏది చెప్పాలి, ఏ ఉదాహరణ ఎక్కడ పెట్టాలి, ఎలా ముగించాలి అన్నదంతా ఇంకొకరి ఆలోచన. ఇక్కడ చట్టం మాట వేరు, వృత్తి మర్యాద వేరు. ఆలోచనకు కాపీరైట్ ఉండదని, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి కొర్రల గురించి ఎవరైనా రాయొచ్చు. అయితే పది విషయాల్ని అదే వరుసలో, అవే ఉదాహరణలతో రాస్తే "ఆలోచన మాత్రమే తీసుకున్నాను" అని వాదించడం కష్టం. క్లయింట్ దగ్గర అయితే ఆ వాదన అసలు నిలవదు.

గ్రంథచౌర్యం, కాపీరైట్ ఉల్లంఘన ఒకటి కావని కూడా గుర్తుంచుకోవాలి. మన చట్టంలో కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు ఉంటుంది. గురజాడ అప్పారావు 1915లో కన్నుమూశారు. ఆయన రచనలను ఎవరైనా అచ్చేసుకోవచ్చు, వాడుకోవచ్చు. కానీ ఆయన వాక్యాన్ని మీ వాక్యంలా పెట్టుకుంటే అది చౌర్యమే, చట్టం ఊరుకున్నా సరే. శ్రీశ్రీ పోయింది 1983లో. ఆ లెక్కన ఆయన కవితల మీద హక్కులు 2043 చివరిదాకా నడుస్తాయి. పండగ శుభాకాంక్షల పోస్టులో కవిత మొత్తం పెట్టేసేముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. సినిమా పాటల సంగతీ అంతే.

"30 శాతం మార్చితే చాలు", "వరసగా ఐదు పదాలు కలవకపోతే చాలు" లాంటి మాటలు మీరూ వినే ఉంటారు. అలాంటి కొలత మన చట్టంలో ఎక్కడా లేదు.

1. పని ఒప్పుకునేముందు అడగాల్సినవి

కొత్తలో పని దొరకడమే గొప్ప అనిపిస్తుంది, ప్రశ్నలు అడిగితే పోతుందేమోనని భయం. అయినా అడగండి. నేనిప్పుడు ప్రతి కొత్త క్లయింట్‌కీ పంపే మెసేజ్ దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్తే సర్. మొదలుపెట్టేముందు నాలుగు విషయాలు తెలిస్తే బాగుంటుంది. వ్యాసంలో మూలాలకు లింకులు ఇవ్వొచ్చా? ఏఐ టూల్స్ వాడకం గురించి మీ నియమం ఏమిటి? కాపీ తనిఖీ ఏ టూల్‌తో చేస్తారు? హక్కులు పూర్తిగా మీకే బదిలీ చేయాలా, నా పేరుతో వస్తుందా?"

మంచి క్లయింట్లు ఈ మెసేజ్ చూసి సంతోషిస్తారు. జవాబు ఇవ్వకుండా "అవన్నీ తర్వాత చూద్దాం, రేపటికి ఐదు వ్యాసాలు కావాలి" అన్నవాళ్ళతో నా అనుభవం ఎప్పుడూ బాగా లేదు.

ఒక రకం బ్రీఫ్ (క్లయింట్ పంపే పని వివరం) గురించి ప్రత్యేకంగా చెప్పాలి. లింకు ఒకటి పంపి "దీన్ని కాపీ రాకుండా తిరగరాయండి" అంటారు. అది ఆ క్లయింట్ సొంత సైట్‌లోని పాత వ్యాసమైతే ఇబ్బంది లేదు. పోటీ సైట్‌దైతే, వాళ్ళు అడుగుతున్నది దొంగసొత్తుకు రంగు వేయమని. నేను ఇలా జవాబిస్తాను: "ఇదే అంశం మీద కొత్తగా పరిశోధన చేసి రాస్తాను సర్, ఇంతకంటే పాఠకులకు ఉపయోగపడేలా. దానికి ఒకరోజు ఎక్కువ కావాలి." సగం మంది సరేనంటారు. మిగతా సగం పని పోతే పోనివ్వండి. ఆ వ్యాసం మీద రేపు గొడవ వస్తే వాళ్ళు చూపించేది రాసినవాళ్ళనే.

రేటు మాట్లాడేటప్పుడు చదివే సమయాన్ని కూడా లెక్కలో వేసుకోండి. పదానికి ఇన్ని పైసలని ఒప్పుకుని, రోజుకు నాలుగువేల పదాలు రాస్తే తప్ప ఇల్లు గడవని స్థితిలో పడితే, ఎంత నిజాయితీపరులైనా మధ్యాహ్నానికి ట్యాబులు తెరుస్తారు. నేను చూసిన కాపీల్లో చాలావాటి వెనక ఉన్నది దురుద్దేశం కాదు, టైం చాలకపోవడం.

2. మూలం దాకా వెళ్ళడం

ఉదాహరణకు మీకు "పోచంపల్లి ఇక్కత్ చీర కొనేముందు తెలుసుకోవాల్సినవి" అనే అంశం ఇచ్చారనుకుందాం. గూగుల్‌లో కొడితే వచ్చే మొదటి పది పేజీలూ ఒకదాన్నొకటి చూసి రాసుకున్నవే అయ్యే అవకాశం ఎక్కువ. వాటిని చదవొద్దనను. జనం ఏం అడుగుతున్నారో తెలియడానికి చదవండి, పది నిమిషాలు చాలు. సమాచారం కోసం మాత్రం ఇంకా పైకి వెళ్ళండి, ఏరు పుట్టిన చోటికి.

పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. అంటే చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీలో దాని గురించి రికార్డు ఉంటుంది. తయారీ విధానం, ప్రాంతం హద్దులు అక్కడ దొరుకుతాయి. ప్రభుత్వ ప్రకటనలు పత్రికా సమాచార కార్యాలయం సైట్‌లో ఉంటాయి. ఇవి కాక, మీ రాతకు అసలైన బలం ఇచ్చేది ఇంకొకటి ఉంది: ఒక ఫోన్ కాల్. చేనేత సహకార సంఘం దుకాణంలో ఎవరినైనా అడగండి, "కొనేవాళ్ళు ఎక్కువగా ఏ విషయంలో మోసపోతారండీ?" అని. ఐదు నిమిషాల్లో వాళ్ళు చెప్పే మాట ఆ పది పేజీల్లో ఎక్కడా ఉండదు. దాన్ని ఎవరి దగ్గరా కాపీ కొట్టలేరు. కొట్టారని మిమ్మల్ని ఎవరూ అనలేరు.

వ్యాసానికి ఒకటైనా ఇలాంటి సొంత ముక్క ఉండాలని నేను పెట్టుకున్న నియమం. ఫోన్ కాల్ కావచ్చు, మీరు స్వయంగా చేసి చూసింది కావచ్చు, ధరలు మూడు దుకాణాల్లో అడిగి రాసుకున్నది కావచ్చు.

వికీపీడియా గురించి ఒక మాట. అది ఉచితం కాబట్టి ఎత్తేసుకోవచ్చన్న అపోహ బలంగా ఉంది. తెలుగు వికీపీడియాతో సహా అక్కడి పాఠ్యమంతా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉంటుంది. వాడుకోవాలంటే మూలం పేర్కొనాలి, దాని ఆధారంగా మీరు తయారుచేసినదాన్ని కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. హక్కులన్నీ తనకే కావాలనే క్లయింట్‌కు ఈ షరతు కుదరదు. అందుకని వికీపీడియా పేజీ అడుగున ఉన్న మూలాల జాబితాను వాడుకోండి, పేజీలోని వాక్యాలను వదిలేయండి.

3. నోట్సు: కాపీ పుట్టేది ఇక్కడే

ఇదే అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు, నిదానంగా చదవండి.

కొత్తవాళ్ళు చేసే పని: నచ్చిన పేరాలు తీసి తమ డ్రాఫ్టు ఫైల్లోనే పేస్ట్ చేసుకుంటారు, "తర్వాత మార్చుకుందాం" అని. రెండు రోజులు గడిచాక ఆ ఫైలు తెరిస్తే ఏది తమ వాక్యమో, ఏది ఎవరిదో తెలియదు. డెడ్‌లైన్ దగ్గరపడి ఉంటుంది. అలా ఒక పేరా అలాగే ప్రచురణకు వెళ్ళిపోతుంది.

కాబట్టి నోట్సుకు వేరే ఫైలు, రాతకు వేరే ఫైలు. డ్రాఫ్టు ఫైల్లోకి బయటి పాఠ్యాన్ని ఎప్పుడూ, ఒక్క నిమిషం కోసం కూడా పేస్ట్ చేయకండి.

నోట్సు ఫైల్లో ప్రతి అంశం ముందూ నేనొక గుర్తు పెడతాను. "మూ" అంటే మూలంలోని మాటలు ఉన్నవి ఉన్నట్టు, కొటేషన్ గుర్తుల మధ్య. "సా" అంటే సారాంశం, నా మాటల్లో. "నా" అంటే నాకు తట్టిన ఆలోచన లేదా నేను అడిగి తెలుసుకున్నది. పక్కన లింకు, చూసిన తేదీ. పోచంపల్లి వ్యాసానికి నా నోట్సు ఇలా ఉంటుంది:

సా: రంగు పోగులకే ముందు ఎక్కుతుంది, నేత తర్వాత. కట్టిన చోట రంగు అంటదు. (రిజిస్ట్రీ పత్రం, చూసిన తేదీ)

సా: 1951లో వినోబా భావే ఇక్కడికి వచ్చారు, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు, భూదానోద్యమం మొదలు. అందుకే ఊరిపేరు భూదాన్ పోచంపల్లి. (అందరికీ తెలిసిన చరిత్ర, ఒకసారి సరిచూడాలి)

నా: కొనేవాళ్ళకు ఇవన్నీ ఎందుకు? ముద్ర వేసిన చీరకూ, ఇక్కత్‌కూ తేడా చేత్తో పట్టుకుని ఎలా తెలుసుకోవాలో అక్కడ మొదలెట్టాలి.

"సా" రాసే పద్ధతి ఒకటుంది. మూలం పేరా చదవండి. ట్యాబ్ మూసేయండి. చిన్నగా పక్కకు చూపు తిప్పి, మీ ఇంట్లో అక్కకో తమ్ముడికో చెబుతున్నట్టు ఒక ముక్కలో చెప్పుకోండి. ఆ ముక్క రాసుకోండి. చెప్పలేకపోతే మీకది అర్థం కాలేదన్నమాట. అర్థం కానిదాన్ని రాయబోయినప్పుడే మనం ఇంకొకరి మాటల్ని పట్టుకుని వేలాడతాం. అప్పుడు మళ్ళీ చదవండి, ఇంకొక చోట వెతకండి, అడగండి.

4. రాయడం: ఒక పేరాను దగ్గరగా చూద్దాం

ఇక్కడ చూపించడం కోసం మూలం పేరా కూడా నేనే రాశాను. ఇది ఏదో సైట్‌లో మీకు కనిపించిందనుకోండి:

"పోచంపల్లి ఇక్కత్ ప్రత్యేకత నేతలో కంటే ముందు నూలులోనే ఉంటుంది. నేతకారులు పోగులను డిజైన్ ప్రకారం గట్టిగా కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ విప్పి మరోచోట కడతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఈ పని చేయాలి."

ట్యాబ్ పక్కన తెరిచి పెట్టుకుని రాస్తే వచ్చేది ఇది:

"పోచంపల్లి ఇక్కత్ విశిష్టత నేయడం కన్నా ముందే దారంలో దాగి ఉంటుంది. చేనేత కళాకారులు దారాలను నమూనా మేరకు బిగించి కట్టి, రంగులో అద్ది, ఎండబెట్టి, తిరిగి విప్పి ఇంకోచోట కడతారు. రంగులు ఎన్ని ఉంటే అన్ని పర్యాయాలు ఇలా చేయాల్సి వస్తుంది."

ప్రత్యేకత విశిష్టత అయింది, నూలు దారం అయింది, సార్లు పర్యాయాలు అయ్యాయి. టూల్ దీన్ని పట్టుకోకపోవచ్చు. కానీ మూడు వాక్యాలకు మూడు వాక్యాలు, అదే వరుస, అదే తర్కం. పైగా రాత చెడింది: "ముంచి" అన్న సరైన మాట పోయి "అద్ది" వచ్చింది, అది వేరే పని. అద్దకం వేరు, ఇక్కత్ వేరు. పర్యాయపదాలతో ఆడుకుంటే ఇలా తప్పులు కూడా దొర్లుతాయి.

నోట్సులోని "నా" అన్న ముక్క పట్టుకుని, ట్యాబ్ మూసి రాస్తే:

"చీర చేతిలోకి తీసుకుని పువ్వు అంచు చూడండి. గీత కాస్త చెదిరినట్టు, మసకగా ఉంటే అది లోపం అనుకోకండి. ఇక్కత్‌లో రంగు పోగులకు ముందే ఎక్కుతుంది. మగ్గం మీద ఆ పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూగా కూర్చుంటాయి, ఆ మసక అక్కడిది. ఇప్పుడు చీర తిరగేయండి. రంగు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉండాలి. వెనకవైపు బాగా వెలిసినట్టు ఉంటే అది పైన ముద్ర వేసింది కావచ్చు, అడగండి."

విషయం అదే, పోగులకు ముందే రంగు ఎక్కుతుందన్నది. కానీ దుకాణంలో నిలబడి ఉన్న మనిషి కోసం రాశాం కాబట్టి మొదలు మారింది, వరుస మారింది, మాటలు వాటంతట అవే మారాయి. ఎవరి కోసం రాస్తున్నామో తేల్చుకుంటే పర్యాయపదాల నిఘంటువు అక్కర్లేదు.

5. ఎవరి మాటో చెప్పడం

ఏ విషయానికి మూలం చెప్పాలి, దేనికి అక్కర్లేదు? పోచంపల్లి భూదానోద్యమానికి పుట్టిల్లని చెప్పడానికి ఎవరి పేరూ అక్కర్లేదు, అది అందరికీ తెలిసిన చరిత్ర. నేతకు ముందు పోగులను మేకుల చుట్టూ తిప్పే ఆసు పనికి యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశంకు 2017లో పద్మశ్రీ వచ్చిందన్నది కూడా అంతే. కానీ చేత్తో ఆసు పోస్తే ఒక్కో చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి తిప్పాలి అన్న లెక్క చాలాచోట్ల కనిపిస్తుంది. అది ఎవరో చెప్పిన లెక్క. ఇలాంటి అంకె వాడితే ఎవరు చెప్పారో, ఎక్కడ చెప్పారో వెతికి పట్టుకుని ఆ పేరుతోనే రాయండి. దొరకకపోతే అంకె వదిలేయండి.

తెలుగులో మనకొక సదుపాయం ఉంది, అదే ప్రమాదం కూడా. "అంటారు", "చెబుతుంటారు", "నిపుణుల అభిప్రాయం", "ఒక అధ్యయనంలో తేలిందట". ఈ మాటలు వాక్యానికి బరువు తెచ్చినట్టు కనిపిస్తాయి, కానీ మూలాన్ని దాచేస్తాయి. నా డ్రాఫ్టుల్లో ఈ నాలుగింటినీ వెతికి, ప్రతి చోటా "ఎవరు?" అని అడుగుతాను. జవాబు ఉంటే పేరు పెడతాను, లేకపోతే వాక్యం కొట్టేస్తాను.

ఇంకొకరి మాటలు ఉన్నవి ఉన్నట్టు వాడాలనిపిస్తే ఒకటి రెండు వాక్యాలకు మించకండి, కొటేషన్ గుర్తులు పెట్టండి, పేరు వాక్యం మొదట్లోనే చెప్పండి. మన చట్టంలో సెక్షన్ 52 విమర్శ, సమీక్ష, వర్తమాన విషయాల వార్తల కోసం న్యాయమైన వాడకాన్ని అనుమతిస్తుంది. అది చిన్న తలుపు. దానిలోంచి వ్యాసం మొత్తం పట్టదు. ఇంగ్లిష్‌లో అన్నమాటను మీరే తెలుగు చేస్తే "అనువాదం నాది" అనో, "ఇంగ్లిష్‌లో అన్న మాటలకు తెలుగు" అనో ఒక ముక్క చేర్చండి.

లింకు పెట్టే చోటు కూడా చూసుకోండి. వ్యాసం చివర "మూలం: ఇంటర్నెట్" అని రాస్తే మూలం చెప్పినట్టు కాదు. ఏ వాక్యానికి ఆధారమో ఆ వాక్యంలోనే లింకు ఉండాలి.

6. మీ రాతను మీరే కాపీ కొట్టకుండా

ఒక క్లయింట్‌కు ఆవకాయ జాడీల గురించి రాసిన వ్యాసాన్నే కాస్త మార్చి ఇంకొకరికి ఇవ్వొచ్చా? నా రాతే కదా అనిపిస్తుంది. మన చట్టం ప్రకారం ఉద్యోగిగా కాకుండా ఫ్రీలాన్సర్‌గా రాసినదానికి మొదటి హక్కుదారు మామూలుగా రాసినవాళ్ళే. కానీ రాతపూర్వకంగా హక్కులు బదిలీ చేశాక అది మీది కాదు. ఒప్పందంలో గడువు రాయకపోతే ఆ బదిలీ ఐదేళ్ళకే వర్తిస్తుందని సెక్షన్ 19 చెబుతుంది, చాలామందికి ఈ సంగతి తెలియదు. ఒప్పందాలు దాచుకోండి, చదవండి. హక్కులు మీ దగ్గరే ఉన్నా, ఇద్దరికీ "కొత్త వ్యాసం" అని చెప్పి డబ్బు తీసుకుంటే అది మోసమే. అంశం మళ్ళీ వాడుకోవచ్చు, నోట్సు మళ్ళీ వాడుకోవచ్చు. వాక్యాలు మాత్రం కొత్తగా రాయండి.

7. ఏఐతో రాయిస్తే

ఒకరి వ్యాసాన్ని చాట్‌బాట్‌లో పడేసి "వేరే మాటల్లో రాయి" అనడం పైన చెప్పిన బొంత పనే, మిషన్ మీద కుట్టినది. బాధ్యత మీదే ఉంటుంది. ఈ టూల్స్ అసలు లేని పుస్తకాలను, ఎవరూ అనని మాటలను నిజమైనవాటిలా ఇచ్చేస్తాయి కూడా. కాబట్టి అవి చెప్పిన ప్రతి పేరు, ప్రతి అంకె, ప్రతి కొటేషన్ మూలంలో మీ కళ్ళతో చూశాకే వాడాలి.

క్లయింట్ వద్దంటే వాడకండి. వాడమంటే ఎక్కడ వాడారో చెప్పండి. ఉపశీర్షికలు ఆలోచించడానికి, అక్షరదోషాలు చూడటానికి వాడినా సరే చెప్పండి. 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ విధానాల్లో, వెతికేవాళ్ళకు ఉపయోగం లేకుండా గుంపుగా తయారుచేసే కంటెంట్‌ను చేర్చింది. మనిషి రాశాడా, యంత్రం రాసిందా అన్నదాంతో పని లేకుండా. క్లయింట్ల భయానికి ఇదొక కారణం.

మీరు స్వయంగా రాసినదాన్ని "ఇది ఏఐ" అని ఏదైనా టూల్ అంటే? ఆ టూల్స్ పొరబడతాయి. అప్పుడు మీకు అక్కరకొచ్చేది గూగుల్ డాక్స్‌లో ఉండే వెర్షన్ హిస్టరీ (ఎప్పుడేం రాశారో చూపించే రికార్డు), మీ నోట్సు ఫైలు. అందుకే వేరేచోట రాసి చివర్లో డాక్స్‌లో పేస్ట్ చేయకుండా, మొదటి నుంచీ అందులోనే రాయండి.

8. ఇచ్చేముందు తనిఖీ

ఇంగ్లిష్ వ్యాసాలకు కాపీస్కేప్, గ్రామర్లీ లాంటివి బాగానే పనిచేస్తాయి. తెలుగుకు అంత నమ్మకం పెట్టుకోలేం. దీనికి మన లిపికి సంబంధించిన కారణాలున్నాయి. "ఫ్రీలాన్స్‌గా" అన్న మాటలో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. కొందరు అది లేకుండా టైప్ చేస్తారు. చదివేవాళ్ళకు ఒకటే మాట, కంప్యూటర్‌కు రెండు వేరు మాటలు. "వాళ్ళు", "వాళ్లు", "పెళ్ళి", "పెళ్లి" కూడా అంతే. పాత తెలుగు సైట్లలో కొన్ని యూనికోడ్ కాని ఫాంట్లలో ఉన్నాయి, అక్కడి పాఠ్యాన్ని టూల్ అసలు తెలుగుగానే గుర్తించదు. పైగా ఇంగ్లిష్ నుంచి దించిన తెలుగు వ్యాసాన్ని తెలుగుతో మాత్రమే పోల్చే టూల్ ఏం పట్టుకుంటుంది? నా కొర్రల వ్యాసం అప్పుడు సున్నా శాతం చూపించింది.

కాబట్టి చేత్తో చేసే తనిఖీ తప్పదు. వ్యాసంలో మీకే "బాగా వచ్చింది" అనిపించిన ఐదారు వాక్యాలు ఎంచుకోండి, అనుమానం ముందు వాటి మీదే పెట్టుకోండి. ఒక్కోదాంట్లో ఆరేడు పదాల ముక్కను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. మొత్తం పేరా పెట్టకండి, 32 పదాలు దాటిన భాగాన్ని గూగుల్ పట్టించుకోదు. రెండు రకాల వర్ణక్రమంతోనూ వెతకండి. తర్వాత మీ ఉపశీర్షికల వరుసను, మీరు ఎక్కువగా ఆధారపడిన మూలం ఉపశీర్షికల వరుసను ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి. నాలుగైదు అదే వరుసలో కలిస్తే నిర్మాణం మార్చాలి.

టూల్ ఇచ్చే శాతాన్ని అంకెలా కాకుండా, ఎక్కడ కలిసిందో చూసి చదవాలి. 12 శాతం వచ్చినా అదంతా చట్టాల పేర్లు, కొటేషన్లు అయితే ఇబ్బంది లేదు. 2 శాతమే వచ్చినా అది మీ వ్యాసానికి గుండెకాయ లాంటి పేరా అయితే ఇబ్బందే. "పది శాతం దాకా ఫర్వాలేదు" అని మీకెవరైనా చెప్పి ఉంటే, అలాంటి మెట్లు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లో ఉన్నాయి. అవి విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు, పరిశోధన పత్రాల కోసం. వెబ్ వ్యాసాలకు వాటితో సంబంధం లేదు.

శాతం తగ్గించడానికి పదాలు మార్చుతూ కూర్చోకండి. ఎర్రగా కనిపించిన పేరా మొత్తం తీసేసి, నోట్సు దగ్గరికి వెళ్ళి, మళ్ళీ మొదటి నుంచి రాయండి.

ఫొటోల గురించి క్లుప్తంగా: గూగుల్ ఇమేజెస్ ఫొటోల గిడ్డంగి కాదు, వెతికే కిటికీ. వికీమీడియా కామన్స్‌లో ఫొటో కింద ఉన్న లైసెన్స్ చదివి, తీసినవాళ్ళ పేరు పెట్టండి. వీలైతే మీరే తీయండి.

9. తప్పు జరిగిపోతే, మీ రాతే పోతే

ప్రచురణ అయ్యాక మీకే కనిపించిందనుకోండి, ఒక పేరా ఎవరిదో అలాగే ఉండిపోయిందని. క్లయింట్ కనుక్కునేదాకా ఆగకండి. ఆ రోజే చెప్పండి: ఏ పేరా, ఏ మూలం, ఎలా జరిగింది, సరిచేసిన పేరా ఇదిగో. సాకులు వద్దు. ఆ వ్యాసానికి డబ్బు వదులుకోవాల్సి వస్తే వదులుకోండి. కాపీరైట్ ఉల్లంఘన తెలిసి చేస్తే సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఫ్రీలాన్సర్‌కు ముందుగా తగిలేది మాత్రం పేరు పోవడం. ఎడిటర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు.

మీ వ్యాసాన్నే ఎవరైనా ఎత్తేస్తే ముందుగా ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసుకోండి, వెబ్ పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచండి. వాళ్ళకు రాసిన తర్వాత పేజీ మాయమైనా రుజువు ఉండాలి. హక్కులు క్లయింట్‌కు ఇచ్చేసి ఉంటే మొదట క్లయింట్‌కు చెప్పండి, ఫిర్యాదు చేయాల్సింది వాళ్ళు. మీవే అయితే ఆ సైట్‌వాళ్ళకు మర్యాదగా ఒక మెయిల్ రాయండి, తీసేయడానికో మీ పేరు పెట్టడానికో ఒక తేదీ ఇవ్వండి. పలకకపోతే గూగుల్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంది, అమెరికా 1998 చట్టం డీఎంసీఏ కింద నడిచేది. సైట్‌కు చోటిచ్చిన హోస్టింగ్ కంపెనీకి కూడా అలాంటి నోటీసే పంపొచ్చు.

నాకు ఒకసారి ఆ అవసరం వచ్చింది. అవతలివాళ్ళు "మీరే మా దగ్గర తీసుకున్నారు" అని జవాబిచ్చారు. నేను వాదించలేదు. నోట్సు ఫైల్లో తేదీలతో ఉన్న "మూ", "సా", "నా" గుర్తులు, దుకాణంలో మాట్లాడి రాసుకున్న రెండు పేజీలు, మొదటి డ్రాఫ్టు వెర్షన్ హిస్టరీ జతచేసి పంపాను. మర్నాడు ఉదయానికి ఆ పేజీ లేదు.